మూడు నగరములు – ఒక రైలుమార్గము

ప్రాచీన నగరములను దర్శింపగోరువారు సాధారణముగ రెండు విధములుగ పయనింతురు. కొందఱు యాత్రాసంఘములతో కలసి పోవుదురు. వారికి బస, భోజనము, బండి, దారి చూపు మనిషి అన్నియు సిద్ధముగ నుండును. మఱికొందఱు దేశపటమును, రైళ్ల కాలపట్టికను ముందుంచుకొని తమ త్రోవను తామే నిర్ణయించుకొందురు. రెండవ పద్ధతిలో శ్రమ యెక్కువ. కాని ఆ శ్రమవలన కలుగు లాభమును తక్కువ కాదు. విజయవాడయందలి ఒక వృద్ధదంపతుల యాత్ర ఇందుకు మంచి ఉదాహరణము.

భర్త ఉద్యోగమునుండి విరమించినవాడు. భార్య బాల్యమునుండి త్యాగరాజస్వామి కృతులను పాడుచుండునది. ఆ మహనీయుడు నివసించిన తిరువైయారును ఒక్కమారైనను చూడవలెనని ఆమె చిరకాలపు కోరిక. కుమారుడు ఒక యాత్రాసంఘమువారి ప్రకటనను తెచ్చి చూపెను. అందు ఎనిమిది దినములలో పదునాలుగు ఊళ్లు గలవు. తంజావూరునకు ఒక గంట కేటాయింపబడినది. తిరువైయారు పేరే లేదు. ఆమె ఆ కాగితమును మడిచి ప్రక్కన పెట్టి, "మేమిద్దఱమే పోయి వత్తుము, నాయనా" అనెను. "తమిళము రాదు, వయస్సు మీఱినది, తెలియని ఊళ్లలో ఎట్లు తిరుగుదువమ్మా?" అని కుమారుడు కలవరపడెను. "తెలియని ఊళ్లు కనుకనే పోవుచున్నాము" అని తండ్రి నవ్వెను.

అయినను కుమారుని భయము అకారణము కాదని వారెఱుగుదురు. కావున ముందుగ దేశపటమును పఱచి, తాము చూడగోరు ఊళ్ల పేర్లను వ్రాసికొనిరి. పదునొకండు పేర్లు తేలినవి. చేతనున్నవి ఏడు దినములు. భర్తకు ఒక్క ఊరిని విడుచుటకును మనసొప్పలేదు. అప్పుడు భార్య రైలుమార్గమును వ్రేలితో చూపి, "తంజావూరు, తిరుచిరాపల్లి, మదురై ఒక్క త్రోవలోనివి. ఈ మూడింటిని నిలిచి చూతము" అనెను. తంజావూరునుండి తిరుచిరాపల్లి సుమారు 50 కిలోమీటర్లు. అచ్చటనుండి దిండిగల్లు మీదుగ మదురై సుమారు 155 కిలోమీటర్లు. పగటివేళ సులభముగ సాగు ప్రయాణములివి.

ఈ నగరములను కలుపునది రైలుమార్గ మొక్కటియే కాదు. విజయనగర చక్రవర్తుల కాలమున తంజావూరును మదురైయు నాయకరాజుల రాజధానులైనవి. తిరుచిరాపల్లియు కొంతకాలము మదురై నాయకులకు రాజధానిగ నుండెను. ఆ రాజుల కొలువులలో తెలుగు కవిత్వము వర్ధిల్లినది. ఈ సంగతులను దంపతులు ప్రయాణమునకు ముందే గ్రంథాలయమున చదివి, చిన్న పుస్తకమున వ్రాసికొనిరి. 2024 నవంబరునుండి రైలు రిజర్వేషను ప్రయాణదినమునకు 60 దినములు ముందుగ మొదలగుచున్నది. ఆ దినముననే టిక్కెట్లు తీసికొనిరి.

చెన్నై ఎగ్మూరు స్టేషనులో రాత్రి రైలెక్కి, తెల్లవారునప్పటికి వారు తంజావూరు చేరిరి. మొదట చూచినది బృహదీశ్వరాలయము. దీనిని చోళచక్రవర్తి మొదటి రాజరాజు క్రీ.శ. 1010 నాటికి పూర్తి చేసెను. నల్లఱాతితో కట్టిన దీని విమానము 60 మీటర్లకు పైబడిన యెత్తుగలది. 1987లో ఇది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. ఆలయపు గోడలపై చెక్కిన శాసనములు ఆ నాటి దానములను, ఆభరణములను, ఆలయమున పనిచేసిన వారి వివరములను తెలుపుచున్నవి.

అచ్చట ఒక మార్గదర్శకుడు తన వెంట వచ్చిన బృందముతో, "ఈ విమానపు నీడ ఎన్నడును నేలపై పడదు" అని చెప్పుచుండెను. అందఱును ఆశ్చర్యపడి, వెంటనే బండి యెక్కి పోయిరి. దంపతులకు తొందర లేదు. వారు ఆలయమును చుట్టి పడమటివైపునకు పోయిరి. ఉదయకాలపు ఎండలో విమానపు నీడ ప్రాంగణమున పొడవుగ పఱచుకొని యున్నది! ఆ నీడలోనే కూర్చుండి వారు కొంతసేపు ఆలోచించిరి. విమానము అడుగున వెడల్పై, పైకి పోయినకొలది సన్నగిల్లుచున్నది. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు పైభాగపు నీడ క్రింది అంతస్తులపైననే పడును. ఆ మాటయే క్రమముగ పెరిగి ఇట్టి కథ యైయుండునని భర్త ఊహించెను. "నీడ పడినంత మాత్రమున ఈ కట్టడపు గొప్పదనము తగ్గునా?" అని భార్య యనెను.

తరువాత వారు రాజభవనమునందలి సరస్వతీమహలు గ్రంథాలయమును దర్శించిరి. నాయకరాజుల నాట మొదలైన ఈ పుస్తక భాండారమును మరాఠారాజులు పోషించిరి. 1798 నుండి 1832 వఱకు రాజ్యమేలిన రెండవ శరభోజి దీనిని మిక్కిలి వృద్ధిపఱచెను. సంస్కృతము, తమిళము, మరాఠీ భాషల వ్రాతప్రతులతో పాటు తెలుగు తాళపత్రములును ఇచ్చట భద్రముగ నున్నవి. అద్దపుపెట్టెలో తెలుగక్షరములు కనబడగనే ఆమె కూడబలుకుకొని చదువసాగెను. తన భాష తన ఊరికి ఇంత దూరమున, ఇన్ని తరములుగ కాపాడబడి యుండుట ఆమె అంతకుముందు ఎఱుగదు.

మఱునాడు వారు సుమారు 13 కిలోమీటర్ల దూరమున కావేరీతీరమందున్న తిరువైయారునకు బస్సులో పోయిరి. 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి అచ్చట గలదు. దానిపై మందిరమును కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఏటేట పుష్యబహుళ పంచమినాడు ఇచ్చట ఆరాధనోత్సవము జరుగును. నాడు గాయకులు వేలకొలదిగ చేరుదురు. కాని దంపతులు పోయిననాడు మందిరము నిశ్శబ్దముగ నుండెను. ఆమె మెల్లగ ఒక కృతి పాడెను. వినుటకు భర్తయు, ఎదుట కావేరియు తప్ప వేఱెవరును లేరు. ఆ దినమంతయు వారు మఱెచ్చటికిని పోలేదు.

తిరుచిరాపల్లిలో ఊరి నడుమ నున్న కొండ నెక్కిరి. దానిపై ఏడవ శతాబ్దమున పల్లవరాజు మహేంద్రవర్మ తొలిపించిన గుహాలయము గలదు. కొండమీదినుండి చూడగ కావేరి, ఆవలి శ్రీరంగద్వీపము కన్నులపండువుగ కనబడును. శ్రీరంగమున రంగనాథాలయమునకు ఏడు ప్రాకారములు. వెలుపలి ప్రాకారములలో ఇండ్లు, అంగళ్లు నిండి, ఆలయమే ఒక పట్టణమై యున్నది. దక్షిణపు మహాగోపురమును చూచి భర్త వేయి సంవత్సరముల నాటిదని తలచెను. తాము వ్రాసికొన్న పుస్తకమును తిరుగవేయగ, అది శతాబ్దములపాటు అసంపూర్ణముగ నిలిచి 1987లో పూర్తియైనదని తెలిసెను. ప్రాచీన నగరమనగ గతించిన నగరము కాదనియు, నేటికిని కట్టబడుచున్నదనియు వారు గ్రహించిరి.

మదురైలో వారి యేర్పాటు తప్పినది. రైలు రెండు గంటలు ఆలస్యమై, వారు మీనాక్షీదేవి ఆలయము చేరునప్పటికి మధ్యాహ్నమై తలుపులు మూయబడినవి. తమిళదేశపు ఆలయములను మధ్యాహ్నము మూసి సాయంకాలము తెఱతురని తెలిసియు, రైలు ఆలస్యమునకు వ్యవధి యుంచనందుకు భర్త తన్ను తాను నిందించుకొనెను. భార్య మాత్రము పుస్తకము తెఱచి, "రేపటి పని నేడు చేయుదము" అనెను. వెంటనే తిరుమల నాయకుని భవనమునకు పోయిరి. 1623 నుండి 1659 వఱకు పాలించిన ఆ రాజు కట్టించిన భవనములో నేడు మిగిలినది కొంతభాగము మాత్రమే. మిగిలినదానిలో చాలభాగమును అతని మనుమడు చొక్కనాథుడు విప్పించెను. నిలిచిన స్తంభముల లావును చూచినవారికి పోయినదాని పరిమాణము ఊహకు వచ్చును. సాయంకాలము ఆలయముచుట్టు నున్న వీథులలో తిరిగిరి. అవి ఒకదానిచుట్టు ఒకటిగ అమరి, ఆడి, చిత్తిరై, మాసి అని తమిళమాసముల పేర్లతో నున్నవి. ఆ పేర్లు తెలిసినపిమ్మట దారి తప్పుదుమను భయము తీఱినది.

ఏడవనాడు ఇల్లు చేరగనే కుమారుడు, "మూడు ఊళ్లేనా చూచితిరి?" అని యడిగెను. తండ్రి సమాధానముగ తంజావూరు విమానపు నీడను గూర్చి చెప్ప మొదలిడెను. ఆ కథ ముగియుటకు చాలసేపు పట్టినది. తల్లి లోపల ఆ చిన్న పుస్తకమున విడిచివచ్చిన ఎనిమిది ఊళ్ల పేర్లను మరల వ్రాసికొనుచుండెను. వానిలో ఏవి ఒక్క రైలుమార్గమున నున్నవో చూచుటకు దేశపటము ఆమె ఎదుట తెఱచియే యున్నది.