హామీదారు (ఆర్థిక బాధ్యత)

హామీదారు అనగా, వేరొకరు చెల్లించవలసిన అప్పును గాని, అద్దెను గాని వారు చెల్లించని పక్షంలో తాను చెల్లిస్తానని ఒప్పందం ద్వారా బాధ్యత స్వీకరించిన వ్యక్తి. తెలుగునాట పూచీదారు, జామీనుదారు అనే పేర్లు కూడా ఉన్నాయి. వాడుకలో మాత్రం "ష్యూరిటీ" అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. హామీ సంతకం చేసిన వ్యక్తి కొన్నేళ్ళ తరువాత తన గృహరుణానికో, వాహనరుణానికో దరఖాస్తు చేసుకున్నప్పుడు ఆ పాత సంతకం అతని అర్హతను తగ్గించవచ్చు. దీనిని సాక్షి సంతకం వంటిదేనని చాలామంది భావిస్తారు. కాని సాక్షి, ఒప్పందం జరిగిందని మాత్రమే చెప్పవలసినవాడు; హామీదారు డబ్బు కట్టవలసినవాడు.

చట్టంలో స్థానం

హామీ ఒప్పందాలను భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని 126 నుండి 147 వరకు గల సెక్షన్లు వివరిస్తాయి. వీటిలో ముఖ్యమైనది 128వ సెక్షను. ఒప్పందంలో వేరుగా వ్రాసుకుంటే తప్ప, అసలు రుణగ్రహీతకు ఎంత బాధ్యత ఉన్నదో హామీదారుకూ అంతే బాధ్యత ఉంటుందని ఇది చెబుతుంది. "ముందు అతనిని అడగండి, అతడు ఇవ్వకపోతే నా దగ్గరకు రండి" అనే వాదన న్యాయస్థానంలో నిలవదు. బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో 1968లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అసలు రుణగ్రహీతపై వసూలు మార్గాలన్నీ పూర్తి అయ్యేవరకు బ్యాంకు ఆగవలసిన అవసరం లేదని, అలా ఆగవలసి వస్తే హామీకి ప్రయోజనమే ఉండదని ఆ తీర్పు సారాంశం.

బాలానగర్‌లో హామీ సంతకాలు

హైదరాబాదుకు వాయవ్యాన ఉన్న బాలానగర్ పారిశ్రామిక ప్రాంతం. 1960వ దశకంలో ఇక్కడ ఐ.డి.పి.ఎల్., హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వంటి ప్రభుత్వరంగ కర్మాగారాలు, 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలిశాయి. వీటి చుట్టూ లేతు మిషన్లతో నడిచే చిన్న వర్క్‌షాపులు పెరిగాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీలో పనిచేసే ఉద్యోగులు కూడా ఈ చుట్టుపక్కల నివాసం ఉంటున్నారు. ఇటువంటి చోట హామీదారుకు గిరాకీ ఎక్కువ. వర్క్‌షాపు నడిపేవానికి ఆదాయం ఉన్నా జీతం సర్టిఫికెట్టు ఉండదు. అది ఉన్న ఉద్యోగి పొరుగువాడో, బంధువో, పాత సహోద్యోగో అయి ఉంటాడు.

ఎక్కువమంది తొలిసారి హామీ సంతకం చేసేది బ్యాంకులో కాదు, చిట్టీ కంపెనీలో. పాట పాడుకుని ముందుగా సొమ్ము తీసుకున్న సభ్యుడు మిగిలిన వాయిదాలకు హామీ చూపాలి. చిట్ ఫండ్స్ చట్టం, 1982 దీనిని నిర్దేశిస్తుంది. సభ్యుడు వాయిదాలు ఆపివేస్తే కంపెనీ చిట్ల రిజిస్ట్రారు ముందు వివాదం దాఖలు చేసి హామీదారు జీతం జప్తు చేయించగలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను జప్తు చేయరాదు. అంటే 40,000 రూపాయల జీతంలో నెలకు 13,000 వరకు కోత పడవచ్చు. జీతం చీటీపై ఆ కోతను చూసిన తరువాత ఏ బ్యాంకు అధికారికీ వేరే నివేదిక అవసరం ఉండదు.

అద్దెకు హామీ

బాలానగర్, కూకట్‌పల్లి ప్రాంతాలలో నివాస గృహాలకు హామీదారును అడగడం అరుదు. ఇంటి యజమాని రెండు మూడు నెలల అద్దెను అడ్వాన్సుగా తీసుకుని దానినే భద్రతగా భావిస్తాడు. వర్క్‌షాపు షెడ్డుకో, దుకాణానికో దీర్ఘకాలపు లీజు వ్రాసేటప్పుడు మాత్రం వ్యక్తిగత హామీ అడగడం జరుగుతుంది. ఇంటి యజమాని రుణసంస్థ కాడు గనుక అద్దె హామీని గాని, అద్దె బకాయిని గాని రుణ సమాచార సంస్థలకు నేరుగా తెలియజేయలేడు. సంతకం చేసినంత మాత్రాన క్రెడిట్ స్కోరు మారదు. యజమాని దావా వేసి డిక్రీ పొందినప్పుడు అసలు నష్టం మొదలవుతుంది. అయినా, రుణ దరఖాస్తులో "ఇతరులకు ఇచ్చిన హామీలు" అనే గడి ఉంటే అద్దె హామీని కూడా అందులో వ్రాయాలి. దాచిపెట్టి తరువాత బయటపడితే దరఖాస్తు తిరస్కరణకు అదే కారణం కాగలదు.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడికి చదువుకు వెళ్ళే తెలుగు విద్యార్థులను ఇంటి యజమానులు ఆ దేశంలోనే నివసించే హామీదారును చూపమని తరచు అడుగుతారు. దానితో దూరపు బంధువులపై ఆ భారం పడుతుంది. అక్కడ కూడా సంతకం వల్ల వెంటనే రుణ నివేదికలో నమోదు జరగదు. ఇంగ్లండు, వేల్సులలో కోర్టు తీర్పు వచ్చి, నెలరోజుల్లోగా పూర్తి సొమ్ము కట్టకపోతే ఆ తీర్పు ఆరు సంవత్సరాల పాటు నివేదికలో నిలిచి ఉంటుంది.

బ్యాంకు రుణానికి హామీ

అద్దె హామీకి భిన్నంగా, బ్యాంకు అప్పుకు ఇచ్చిన హామీ మొదటినుండే నమోదవుతుంది. భారతదేశంలో తొలి రుణ సమాచార సంస్థ సిబిల్ 2000లో ఏర్పడింది. 2005లో వచ్చిన చట్టం ఇటువంటి సంస్థలను రిజర్వు బ్యాంకు నియంత్రణలోకి తెచ్చింది. వీటి నివేదికలో ప్రతి ఖాతా పక్కన అది వ్యక్తిగతమా, ఉమ్మడిదా, హామీదారుగా ఉన్నదా అన్న వివరం ఉంటుంది. అసలు రుణగ్రహీత సక్రమంగా కడుతున్నంతకాలం 300 నుండి 900 మధ్య ఉండే స్కోరుకు సాధారణంగా నష్టం ఉండదు. అతడు వాయిదా తప్పితే బకాయి పడిన రోజుల లెక్క హామీదారు నివేదికలోనూ చేరవచ్చు. ఈ సంగతి హామీదారుకు చాలాసార్లు తన దరఖాస్తు తిరస్కరణకు గురైన రోజునే తెలుస్తుంది.

బకాయి లేకపోయినా అర్హత తగ్గే అవకాశం ఉంది. ఉదాహరణకు ఒక ఉద్యోగికి నెలకు 60,000 రూపాయలు చేతికి వస్తాయని, అందులో సగం, అనగా 30,000 వరకు వాయిదాలకు బ్యాంకు అనుమతిస్తుందని అనుకుందాం. 8.5 శాతం వడ్డీతో 20 సంవత్సరాల గృహరుణానికి లక్షకు వాయిదా సుమారు 868 రూపాయలు. కాబట్టి అతనికి దాదాపు 34.5 లక్షలు రావాలి. స్నేహితుని అప్పుకు హామీ ఉండి దాని వాయిదా 12,000 అయితే, బ్యాంకు దానిని పూర్తిగా లెక్కించినప్పుడు మిగిలేది 18,000. అప్పుడు వచ్చే రుణం 20.7 లక్షలే. కొన్ని బ్యాంకులు హామీలో కొంత భాగాన్నే లెక్కిస్తాయి, కొన్ని అసలు లెక్కించవు. ఒక బ్యాంకు కాదన్న దరఖాస్తును మరొక బ్యాంకు ఆమోదించడానికి ఇది ఒక కారణం.

హామీదారు హక్కులు

హామీదారు తన స్వంత నివేదికను సంవత్సరానికి ఒకసారి ప్రతి సమాచార సంస్థ నుండి ఉచితంగా పొందవచ్చు. 2017 నుండి ఈ సదుపాయం ఉన్నది. తప్పుగా నమోదైన ఖాతాపై ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

కొనసాగే హామీని భవిష్యత్తు లావాదేవీల వరకు నోటీసు ద్వారా ఉపసంహరించుకోవచ్చునని 130వ సెక్షను చెబుతుంది. అప్పటికే ఇచ్చిన అప్పుకు ఇది వర్తించదు. దీనికి ముందున్న 129వ సెక్షనులో కొనసాగే హామీకి ఇచ్చిన మొదటి ఉదాహరణ, జమీందారీ శిస్తు వసూలుకు నియమించిన మనిషి కోసం 5,000 రూపాయల వరకు పూచీపడటం. నూట యాభై ఏళ్ళనాటి ఆ ఉదాహరణలో పరిమితి అంకెల్లో ఉన్నదన్న సంగతి గమనించదగినది. నేటి హామీ పత్రాలలోనూ గరిష్ఠ మొత్తాన్ని, గడువును వ్రాయించుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. హామీదారు అంగీకారం లేకుండా షరతులు మారిస్తే, ఆ మార్పు తరువాతి లావాదేవీలకు అతని బాధ్యత ఉండదు (133వ సెక్షను). అయితే బ్యాంకుల ముద్రిత పత్రాలలో ఈ హక్కును ముందుగానే వదులుకున్నట్లు తరచు వ్రాసి ఉంటుంది.

అప్పు కట్టివేసిన హామీదారుకు రుణదాత హక్కులన్నీ సంక్రమిస్తాయి (140వ సెక్షను). తాను కట్టిన సొమ్మును అసలు రుణగ్రహీత నుండి రాబట్టుకోవచ్చు (145వ సెక్షను). ఇద్దరు ముగ్గురు కలిసి హామీ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు భారాన్ని సమానంగా పంచుకోవాలి (146వ సెక్షను). ఒక్కడే మొత్తం కట్టివుంటే మిగతావారి వాటాను వారినుండి అడిగి తీసుకోవచ్చు.