తల్లికి చెప్పకూడదంటారు, ఎందుకు?

పిల్లవాడికి లుకేమియా అని తేలినప్పుడు డాక్టరు తండ్రినో, వెంట వచ్చిన మేనమామనో పక్కకు పిలిచి సంగతి చెప్పడం మన ఆసుపత్రుల్లో మామూలే. ‘వాళ్లమ్మకు ఇప్పుడే చెప్పకండి, తట్టుకోలేదు’ అని డాక్టరును బతిమాలేది కూడా ఎక్కువగా బంధువులే. వాళ్లకు దురుద్దేశం ఏమీ ఉండదు. నిజం తెలిస్తే ఆశ పోతుందనీ, ఆశ పోతే మనిషి కుప్పకూలుతుందనీ వాళ్ల లెక్క. వినడానికి సబబుగా ఉన్నా పరిశోధనల ముందు ఈ లెక్క నిలవదు. అమెరికాలోని బోస్టన్‌లో జెన్నిఫర్ మాక్, ఆమె సహచరులు క్యాన్సర్ పిల్లల తల్లిదండ్రులు 194 మందిని ప్రశ్నించి 2007లో ఫలితాలు ప్రచురించారు. బిడ్డ భవిష్యత్తు గురించి డాక్టరు ఎక్కువ వివరాలు చెప్పారన్నవాళ్లే, ఆ మాటలు తమకు ఆశనిచ్చాయని ఎక్కువగా చెప్పారు. నయమయ్యే అవకాశం తక్కువగా ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లోనూ ఇదే కనిపించింది. ఒక సర్వేలో రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలిపోదు. మంచి డాక్టరు వివరంగానూ చెబుతాడు, ఓదార్పుగానూ మాట్లాడతాడు. అయినా నిజం ఆశను చంపుతుందన్న భయమే సరైనదైతే, ఫలితం ఇందుకు తలకిందులుగా రావాలి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, అదీ సైన్సు నుంచే. లుకేమియా వచ్చిన బిడ్డ దక్కడం చాలా అరుదైన 1960ల తొలినాళ్లలో, అమెరికాలోని బెథెస్డాలో పరిశోధకులు అలాంటి తల్లిదండ్రుల మూత్రంలో ఒత్తిడి హార్మోన్ల ఆనవాళ్లను కొలిచారు. బిడ్డకు రాబోయేదాన్ని మనసు దరిదాపులకు రానివ్వకుండా గట్టిగా అడ్డుకోగలిగినవాళ్లలో ఆ మోతాదు తక్కువగా ఉంది. అంటే కాదనుకోవడం వల్ల శరీరానికి కొంత ఊరట దొరికినట్టే. కానీ బిడ్డలు పోయాక వాళ్లలో కొందరిని మళ్లీ పరీక్షించి 1972లో ప్రచురించిన వ్యాసాల్లో కథ మారింది. అప్పట్లో తక్కువున్నవాళ్లలో మోతాదు పెరిగే ధోరణి, ఎక్కువున్నవాళ్లలో తగ్గే ధోరణి కనిపించాయి. (ఇలాంటి చిన్న గుంపుల్లో అంకెలు వాటంతటవే సగటు వైపు జరుగుతుంటాయి కాబట్టి దీని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు.) నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి: ఆ తల్లిదండ్రులకు జబ్బు పేరు తెలుసు, దాని తీరూ తెలుసు. తెలిసిన నిజాన్ని ఎప్పుడు తలుచుకోవాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో వాళ్ల మనసే నిర్ణయించుకుంది. ఇంకొకరు చెప్పకుండా దాచిపెడితే ఆ వీలే ఉండదు.

పైగా ఇప్పటి లుకేమియా 1960ల నాటి లుకేమియా కాదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకం సంపన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతోంది. అయితే వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది, అందులో ఎక్కువ భాగం జరిగేది ఇంట్లోనే. రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర వేయాలి. పిల్లవాడు హుషారుగా ఆడుకుంటున్నాడు కదా అని మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో స్మితా భాటియా బృందం చేసిన అధ్యయనాలు చూపించాయి. కీమో నడుస్తుండగా జ్వరం వస్తే రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉండవచ్చు కనుక, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మాత్ర వేసేదీ, అర్ధరాత్రి ఒళ్లు పట్టి చూసేదీ చాలా ఇళ్లలో ఆ తల్లే. ‘ఏదో రక్తం తక్కువైంది’ అని మాత్రమే విన్న మనిషి ఇదంతా ఎందుకని చేస్తుంది?

ఇవన్నీ పాశ్చాత్య దేశాల సంగతులు, మన ఉమ్మడి కుటుంబాల తీరు వేరు అనవచ్చు. కొంతవరకు నిజమే, ఇక్కడ బాధను పదిమంది పంచుకుంటారు, అది చిన్న బలం కాదు. కానీ తల్లిని పక్కన పెట్టి మిగతావాళ్లంతా పంచుకుంటే ఆ బలం ఆమెకు అందదు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసి ఆమె సగం గ్రహించే ఉంటుంది కూడా. అడగడానికే మనిషి ఉండడు. స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. బిడ్డతో మరణం గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరూ అందుకు బాధపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడి ఉండాల్సిందని బాధపడ్డారు. అంటే అందరూ మాట్లాడి తీరాలని కాదు, మాట్లాడనివాళ్లలో ఎక్కువమందికి ఆ బాధ లేదు. పెద్దవాళ్ల మధ్య మాటకు ఈ అంకెలు నేరుగా వర్తించవు కూడా. కానీ నోరు విప్పితే తట్టుకోలేమన్న భయం అతిశయమని మాత్రం చెబుతాయి.

చెప్పడం అంటే మొదటి రోజే అంతా గుమ్మరించడం కాదు. ఏమేం తెలుసుకోవాలనుకుంటున్నారో అడిగి, ఆ మేరకు చెప్పి, మర్నాడు మళ్లీ కూర్చోవచ్చు. ఆ తరువాత ఏం చేయవచ్చో అమెరికాలో ఓలీ జేన్ సాహ్లర్, ఆమె సహచరులు పరీక్షించారు. బిడ్డకు క్యాన్సరని కొత్తగా తెలిసిన తల్లుల్లో కొందరికి సమస్యను విడగొట్టి, దారులు వెతికి, ఒకటి ఎంచుకుని ఫలితం చూసుకునే పద్ధతి నేర్పారు. మిగిలినవాళ్ల గోడును ఓపికగా విన్నారు. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శిక్షణ ముగిసేనాటికి రెండు గుంపులూ ఒకేలా కుదుటపడ్డాయి. మూడు నెలల తరువాత చూస్తే పద్ధతి నేర్చుకున్నవాళ్లు ఇంకా మెరుగవుతూనే ఉన్నారు, రెండోవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. మన ఆసుపత్రులు ఇలాంటి శిక్షణ మొదలుపెట్టాలనుకుంటే, డాక్టరు మొదటిసారి జబ్బు గురించి చెప్పే గదిలో తల్లికీ ఒక కుర్చీ వేయాలి.