మద్యపానము – వాహన చోదనము



పూర్వము మన పల్లెలలో అంగడికి బోయిన రైతు తిరుగుదారిని ఈతవనమున నొక లొట్టి కల్లు త్రాగి, బండిలో మేనువాల్చి నిద్రించినను, ఎద్దులు త్రోవ నెఱిగినవి గనుక అతనిని ఇంటి ముంగిట జేర్చెడివి. గుంత వచ్చిన తొలగెడివి. మనిషి యెదురైన నిలిచెడివి. నేడు ఎడ్లబండి స్థానమును మోటారు సైకిలును ట్రాక్టరును ఆక్రమించినవి. ఈ యంత్రములకు బలము మెండు. ఎద్దునకు గల యెఱుకయైనను లేదు. కావున చూపును, వివేకమును, నిగ్రహమును నడుపువానియందే యుండవలెను. అతడు మత్తులో నున్నచో ఆ బండికి సారథి లేనట్లే.

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున జరిగిన ఘోరమును మీరు వినియే యుందురు. హైదరాబాదునుండి బెంగుళూరునకు బోవు బస్సొకటి పాలమూరు సీమను దాటి, 44వ జాతీయ రహదారిపై కర్నూలు సమీపమున చిన్నటేకూరు ప్రాంతమునకు వచ్చెను. అంతకు కొంచెము ముందే అచ్చట నొక మోటారు సైకిలు జారిపడగా నడుపువాడు మరణించెను. బండి త్రోవలోనే పడియుండెను. బస్సు దానిని ఈడ్చుకొనిపోగా నిప్పుపుట్టి, పందొమ్మిదిమంది ప్రయాణికులు మడిసిరి. మోటారు సైకిలు నడిపినవాడు మద్యము సేవించి యుండెనని పరీక్షలలో తేలినట్లు పోలీసువారు ప్రకటించిరి. బస్సు విషయమైన లోపములును విచారణకు వచ్చినవి. అది న్యాయాధికారుల పని. మనము గ్రహింపవలసిన దొక్కటి. త్రాగి నడుపువాడు తన ప్రాణముతోనే చెలగాట మాడుచున్నాడను మాట చెల్లదు. అతడెన్నడును చూడనివారి యిండ్లలోను చీకటి నిండినది.

మద్యము దేహములో జేయు పని నించుక విచారింతము. త్రాగిన మద్యము కడుపునుండియు, చిన్నప్రేవులనుండియు నెత్తురులో గలసి, కొలది నిమిషములలో మెదడును జేరును. అది మొదట చెఱచునది కాలుసేతులను గాదు, మంచిచెడ్డల నెంచు బుద్ధిని. తూలుట పిదప వచ్చును. “నాకేమియు గాలేదు, చక్కగా నడుపగలను” అను ధైర్యము ముందే పుట్టును. శుక్రాచార్యులంతటివాడు సురలో గలిపిన కచుని భస్మమును గుర్తింపక త్రాగెనని భారతము చెప్పుచున్నది గదా! కావున, త్రాగినవానినే “నడుపగలవా?” యని యడిగి అతని మాటను నమ్ముట దొంగచేతికి తాళపుచెవు లిచ్చుట వంటిది.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. బఱ్ఱె యడ్డము వచ్చినను, దీపము లేని ట్రాక్టరు ట్రాలీ నిలిచియున్నను, రోడ్డుపై ఆఱబోసిన వడ్లచుట్టు రాళ్లు పేర్చియున్నను, కన్ను చూచి, మెదడు తెలిసికొని, చేయి బ్రేకు పట్టుటకు కొంత కాలము కావలెను. మత్తువలన అరసెకను ఆలస్యమైనచో బండి మఱి ఎనిమిది మీటర్లు ముందునకు బోవును. ఆ కొలది దూరమే చావుబ్రదుకుల నడిమి దూరము.

“నిమ్మరసము త్రాగితిని, చన్నీళ్లు పోసికొంటిని, దిగిపోయినది” అనువారు కలరు. మద్యమును దేహమునుండి తొలగించు పని ముఖ్యముగా కాలేయముది, అది తొందరపడదు. వంద మిల్లీలీటర్ల నెత్తురునుండి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గును. రాత్రి పదునొకండు గంటలకు 120 మిల్లీగ్రాము లున్నవాడు చట్టము చెప్పిన 30కి దిగుటకు ఆఱు గంటలు, పూర్తిగా శుద్ధుడగుటకు ఎనిమిది గంటలు పట్టును. నిమ్మరసముగాని, కాఫీగాని, స్నానముగాని దీనిని త్వరపెట్టజాలవు.

కల్లు మద్యమే కాదను వాదము మన సీమలో గలదు. తెల్లవారుజామున దింపిన తీపి నీరా వేఱు. ప్రొద్దెక్కినకొలది పులిసి, నూటికి నాలుగైదు పాళ్ల వఱకు మద్యమగు కల్లు వేఱు. ఇంతకంటె భయంకరమైనది కల్తీకల్లు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ అను నిద్రపుచ్చు మందులు కలిపిన కల్లు పాలమూరు మొదలగు జిల్లాలలో పలుమాఱులు పట్టుబడినది. పోలీసువారి ఊపిరియంత్రము మద్యమును గొలుచునే గాని ఈ మందులను కనిపెట్టదు. యంత్రము పట్టనంత మాత్రమున మత్తు లేదనుకొనరాదు. నిద్రమాత్రలును, కొన్ని దగ్గుమందులును, రెండు రాత్రుల జాగరణమును ఇట్టివే.

ఇక చట్టము. 1988 మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము వంద మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నవాడుగాని, మత్తుమందుచే బండిని అదుపులో నుంచలేనివాడుగాని నడుపుట నేరము. 2019 సవరణ ననుసరించి మొదటిమాఱు ఆఱు మాసముల వఱకు చెఱగాని, 10,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని. మఱల చేసిన రెండేండ్ల వఱకు చెఱగాని, 15,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. 188వ సెక్షను మనకు ముఖ్యము: ఈ నేరమునకు ప్రేరేపించినవానికిని ఇదే శిక్ష. మైనరు బాలునికి బండి యిచ్చి అతడు నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వఱకు చెఱయు, 25,000 రూపాయల జరిమానాయు గలవు.

2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యపు దుకాణము లుండరాదని తీర్పు చెప్పెను. మఱుసటి యేడు చిన్న ఊళ్లకు ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించి, పురపాలక హద్దులకు సడలింపు నిచ్చెను. కాని దుకాణ మెంత దూరమున్నను, పెండ్లివిందు మన వాకిటనే జరుగును. ఊరిబాటలో నడిరాత్రి పోలీసు ఉండడు. విందు చేసిన యజమాని యుండును. కావున తొలి కావలివాడు అతడే.

బావమఱదిని తాళపుచెవి యడుగుట మర్యాదకు లోపమని సంకోచింతుము. ఆలోచింపుడు: వచ్చిన చుట్టము ప్రాణముతో ఇల్లు చేరకున్న, మనము పెట్టిన విందు ఏపాటి మర్యాద? త్రాగిన పిదప అడిగిన తగవు వచ్చును గనుక, త్రాగక మునుపే అడుగవలెను. పెండ్లికిగాని, దినములకుగాని, బోనాలకుగాని వచ్చినవారందఱి తాళపుచెవులను, హెచ్చుతగ్గు లెన్నక, ఒక పళ్లెములో నుంచి, త్రాగని పెద్ద కప్పగింపుడు. నాలుగు చాపలు, దుప్పట్లు సిద్ధపఱుపుడు. “బిడ్డా, తెల్లారినంక పోదువులే” అను మాటకు అలుగువాడు అరుదు. అలిగినను మఱునాడు మెచ్చును.

65వ జాతీయ రహదారి ప్రక్కన రెండేండ్ల కొకమాఱు జరుగు పెద్దగట్టు జాతరకును, ఏటేట జరుగు కురుమూర్తి జాతరకును పిల్లాపాపలతో బండ్లు గట్టుకొని పోవుదురు. బండి కొకనిని త్రాగనివానిగా బయలుదేరుటకు ముందే నియమింపుడు. ట్రాక్టరు నడుపువానికి కూలికి తోడు సీసా యిచ్చు వాడుకను మానుడు. అతని వెనుక నిరువదిమంది కూలి తల్లులు కూర్చుండి యుందురు.

ఇంత చేసినను ప్రమాదము జరిగినచో వెంటనే 108కి తెలుపుడు. సాయపడినవారిని వేధింపరాదని 2019 సవరణలోని 134-ఏ సెక్షను రక్షణ యిచ్చినది గనుక జంకవలదు.

రానున్న ముహూర్తములలో మీ ఊర మొదటి పందిరి లేచునప్పుడే ఈ తాళపుచెవుల పళ్లెమును వాడుకలోనికి తెండు. ఒక యింట మొదలైనది ఊరి కట్టుబాటగుట మీ చేతిలోనే యున్నది. సెలవు.