కష్టం తీరకముందే సాక్ష్యం చెప్పవచ్చా?

జగిత్యాలలోనో కోరుట్లలోనో వారం మధ్యలో ఒక క్రైస్తవ ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. పాట అయ్యాక ప్రార్థన అవసరతలు ఏమున్నాయని అడుగుతారు. దుబాయ్‌లో కంపెనీ మూడు నెలలుగా జీతం ఇవ్వడం లేదంటుంది ఒకామె. బీడీల చాట పక్కన పెట్టి వచ్చిన ఇంకొకామె అప్పు మీద మిత్తి (వడ్డీ) పెరుగుతోందంటుంది. ఒకరు ఆ పేర్లన్నీ వరుసగా ఎత్తి ప్రార్థిస్తారు. చూసేవారికి ఇది మతాచారం. మనస్తత్వశాస్త్రం తెలిసినవారికి ఇందులో మరో పని కూడా కనిపిస్తుంది.

ఇలాంటి కూడికల్లో సాగే క్రమాన్ని స్పిరిచ్యువల్ ఫార్మేషన్ (విశ్వాసి తన స్వభావాన్ని కొద్దికొద్దిగా క్రీస్తు స్వభావంలా మలచుకోవడం) అంటారు. ఇది ఒక్క ప్రసంగంతో వచ్చే మార్పు కాదు, అలవాటుతో వచ్చేది. సాంచాల (మరమగ్గాల) మీద కొత్తగా చేరినవాడు తెగిన పోగు కోసం కళ్లతో వెతుకుతాడు. ఏళ్ల తరబడి చేసినవాడికి చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. ప్రార్థన, ఉపవాసం, మౌనం, వాక్యధ్యానం కూడా మనసుకు అలాంటి అలవాటునే నేర్పాలని చూస్తాయి.

జగిత్యాల, కోరుట్ల ఉన్న పాత కరీంనగర్ జిల్లాలో ఇలా చిన్న గుంపుగా కూడే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. ఇక్కడ పనిచేసిన ప్రొటెస్టంట్ మిషన్లలో ముఖ్యమైనది వెస్లియన్ మెథడిస్టు మిషన్. 1947లో అది దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. మెథడిస్టులకు గుర్తింపు తెచ్చినది క్లాస్ మీటింగ్ (పది పన్నెండు మంది వారం వారం కలిసే చిన్న గుంపు). అది పుట్టింది అప్పు వల్ల. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం బాకీ తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున వసూలు చేయాలనుకున్నారు. పన్నెండు మందికి ఒక నాయకుణ్ని పెట్టారు. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు ఆ ఇళ్లలోని కష్టాలు తెలిశాయి. మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ ఆ ఏర్పాటునే పరామర్శకు మలుచుకున్నాడు. వసూళ్ల గుంపు మనసు విప్పుకునే గుంపుగా మారింది.

ఇలాంటి గుంపులో జరిగేదాన్ని మనస్తత్వశాస్త్రం కొంతవరకు వివరించగలదు. మొదటిది, బాధకు పేరు పెట్టడం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, భావోద్వేగాన్ని మాటల్లో చెప్పినప్పుడు అమిగ్డలా (భయాన్ని పసిగట్టే మెదడు భాగం) ఉద్రేకం తగ్గింది. రెండోది, ఒంటరితనం తగ్గడం. మన బాధ మరొకరి నోట వినిపిస్తే, దాన్ని మోసేది మనం ఒక్కరమే కాదని తెలుస్తుంది. మూడోది, ఆలోచనను పట్టి చూడటం. 16వ శతాబ్దపు స్పెయిన్ మతగురువు ఇగ్నేషియస్ లొయోలా రోజంతా జరిగినదాన్ని తిరిగి చూసుకునే ప్రార్థన నేర్పాడు. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ రోగులకు తమ ఆలోచనలను గమనించి, అవి నిజమో కాదో పరీక్షించడం నేర్పాడు. ఇద్దరి ఉద్దేశాలూ వేరు. బెక్‌కు కావలసింది రోగికి ఉపశమనం. ఇగ్నేషియస్‌కు కావలసింది దేవుడి చిత్తం తెలుసుకోవడం. మనసును ఒకడుగు దూరం నుంచి చూసే నేర్పు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి.

అయితే ప్రతి ప్రార్థనా మేలు చేయదు. ఈ విషయంపై ఎక్కువ పరిశోధన చేసినవారిలో కెన్నెత్ పార్గమెంట్ ఒకరు. ఆయన లెక్కలో, దేవుడు తోడున్నాడని నమ్మి కష్టాన్ని ఎదుర్కోవడం ఒక రకం. దేవుడు శిక్షిస్తున్నాడని, వదిలేశాడని కుమిలిపోవడం రెండో రకం. ఆయన బృందం 55 ఏళ్లు దాటిన దాదాపు 600 మంది ఆస్పత్రి రోగులను రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు తమను విడిచిపెట్టాడా అని మథనపడినవారిలో మరణించే ముప్పు 28 శాతం ఎక్కువగా కనిపించింది. కాబట్టి భక్తి ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ భక్తి బాధకు ఏ అర్థం చెబుతోందన్నదీ చూడాలి.

ఇప్పుడు ఇది ఎందుకు ముఖ్యం? సిరిసిల్ల సాంచాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు పని ఇచ్చాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక అవి ఆగిపోయి, 2024లో చాలా సాంచాలు నిలిచిపోయాయి. జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫ్ వలస ఎన్నో ఇళ్లను ఏళ్ల తరబడి రెండుగా చీల్చింది. ఇలాంటి చోట్ల కుంగుబాటు అన్ని మతాల ఇళ్లలోనూ ఉంటుంది. చర్చికి వెళ్లేవారు మాత్రం దాన్ని తరచూ ముందుగా పాస్టరయ్యకే చెప్పుకుంటారు. ఆయన మొదటి మాట చాలా నిర్ణయిస్తుంది. విశ్వాసం చాలలేదంటే మనిషి పార్గమెంట్ చెప్పిన రెండో దారిలోకి పోతాడు. నిద్ర పడుతోందా, తింటున్నావా అని అడిగితే సాయం మొదలైనట్టే.

సంఘాల్లో సాక్ష్యం (దేవుడు తన జీవితంలో చేసినదాన్ని అందరి ముందు చెప్పడం) చెప్పే తీరు కూడా ఇక్కడ అడ్డొస్తుంది. కష్టం వచ్చింది, ప్రార్థించాను, దేవుడు విడిపించాడు: సాధారణంగా సాక్ష్యం ఈ మెట్లలోనే సాగుతుంది. అప్పు తీరనివారికి, మందులు వాడుతున్నవారికి అందులో చోటు లేదు. వారు మౌనంగా వెనక్కి తగ్గుతారు. బైబిలు మాత్రం అంత తొందరపడదు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు మొరలే. 88వ కీర్తన ఏ ఊరటా లేకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి తీసేయలేదు.

తీరని కష్టానికి కూడా సాక్ష్యంలో చోటు ఇస్తే గుంపు పని, డాక్టరు పని వేరువేరుగా కనిపిస్తాయి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోతే అది వైద్యం కావలసిన స్థితి. చచ్చిపోవాలన్న మాట వినిపిస్తే రెండు వారాలు ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలి. డాక్టరు మాత్రలు నిద్రను తిరిగి తెస్తాయి. వారం వారం ఆ మనిషి పేరు మరువకుండా ఎత్తేది గుంపే. కష్టం తీరలేదని, మందులు వాడుతున్నానని కూడా సాక్ష్యంగా చెప్పనిచ్చే సంఘంలో ఈ రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోవలసిన అగత్యం ఎవరికీ రాదు.