బోరు నీళ్ల తెలుపు చూసి దాహం చంపుకోకండి

బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం సిరిగేరి వైపు గృహిణులకు తెలిసిందే. సబ్బు నురగ రాదు, కందిపప్పు త్వరగా ఉడకదు. భూమిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిలో కరగడమే ఇందుకు కారణం. ఈ తెలుపే మూత్రపిండాల్లో రాయి అవుతుందని భయపడి కొందరు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నీరు చాలకపోతే మూత్రం చిక్కబడి రాళ్లు ఏర్పడతాయి.

2012 నాటి భారత ప్రమాణాల ప్రకారం తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఉండవచ్చు. వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు.

యునానీ వైద్యంలో ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు అంశాల్లో అన్నపానాలు ఒకటి. తేలిక నీరే మేలైనదని ఇబ్న్ సీనా (980–1037) చెప్పారు. సమాన బరువున్న రెండు దూది ముక్కలను రెండు రకాల నీటిలో తడిపి, బాగా ఆరబెట్టి తూచమన్నారు. ఏది తేలికగా ఉంటే ఆ నీరు మంచిది. నీటిని కాచి తాగమని కూడా ఆయన సలహా.

కాచి చల్లార్చి, పైన తేరిన నీటిని గుడ్డతో వడకట్టండి. కఠినత్వం కొంత అడుగుకు దిగుతుంది, క్రిములు చస్తాయి. కాలువ నీటిని కూడా కాచకుండా తాగరాదు.

ఫ్లోరైడ్ మాత్రం కాచినా పోదు, కంటికి కనబడదు. బళ్లారి జిల్లాలో కొన్నిచోట్ల బోరు నీటిలో అది ఎక్కువ. అందుకే నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మి.గ్రా. మించితే ఆ నీరు తాగడానికి, వంటకు పనికిరాదు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నీరు తాగాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.