సీళ్లే ప్రాణం: పాత రోటరీ కారు, వికారాబాదు ఎత్తు, తాండూరు ఎండ

తాండూరు సమీపంలోని కరన్‌కోటలో ఉన్న సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం వంటి చోట్ల సున్నపురాయిని క్లింకరుగా కాల్చేది రోటరీ కిల్న్ అనే పొడవాటి ఉక్కు గొట్టం. సుమారు 1,450 డిగ్రీల వేడిని లోపల నింపుకొని నెమ్మదిగా తిరిగే ఆ గొట్టానికీ, దాని చివరల కదలకుండా నిలిచే కట్టడానికీ మధ్యనున్న సందును మూసే సీళ్లు అరిగితే, బయటి గాలి లోనికి చొరబడి ఇంధనం వృథా అవుతుంది. తిరిగే భాగానికీ నిలిచిన గోడకూ నడుమ సందు లేకుండా చూడడమనే ఇదే సమస్య, వందల రెట్ల వేగంతో, రోటరీ ఇంజిన్ ఉన్న స్పోర్ట్స్ కారులోనూ ఎదురవుతుంది. అటువంటి కారును సెకండ్ హ్యాండులో కొనేవారు ముందుగా అర్థం చేసుకోవలసింది దీనినే.

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టి, ఎన్‌ఎస్‌యూ సంస్థలో 1957లో తొలిసారి నడిచిన ఈ ఇంజిన్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ ఉండదు. నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయిన కోడిగుడ్డు ఆకారపు గదిలో, భుజాలు కొద్దిగా ఉబ్బిన త్రిభుజం వంటి రోటరు తిరుగుతూ ఉంటే, దాని మూడు ముఖాలకూ గోడకూ మధ్య ఏర్పడే మూడు ఖాళీలు పెరుగుతూ తరుగుతూ గాలినీ పెట్రోలునూ పీల్చి, నొక్కి, మండించి, పొగను బయటికి నెడతాయి. రోటరు ఒక చుట్టు పూర్తిచేసేలోగా దాని నుంచి శక్తిని అందుకునే ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది గనుక, మాజ్దా ఆర్ఎక్స్-8లో ఇరుసు నిమిషానికి 9,000 చుట్లు తిరిగినా రోటరు తిరిగేది 3,000 చుట్లే. ఆ ఇంజిన్ పరుగులోని నునుపుకు ఇదొక కారణం. రోటరు మూడు కొనలలో స్ప్రింగుల ఒత్తిడితో గోడను రాసుకుంటూ సాగే సన్నని లోహపు పట్టీలను అపెక్స్ సీళ్లు అంటారు. ఒక ఖాళీలోని ఒత్తిడి పక్క ఖాళీలోకి జారిపోకుండా ఆపేది ముఖ్యంగా అవే.

1967లో ఎన్‌ఎస్‌యూ తెచ్చిన రో 80 ఎంత ప్రశంస పొందినా, సీళ్లు త్వరగా అరిగిపోవడం వల్ల దాని పేరూ సంస్థ ఆర్థిక స్థితీ దెబ్బతిన్నాయి. అదే ఏడాది కాస్మో స్పోర్ట్‌ను విడుదల చేసిన మాజ్దా, కెనిచి యమమోతో నాయకత్వంలో ఇంజినీర్ల బృందాన్ని ఏర్పరచి, గోడమీద సీళ్లు గీసే గీతల సమస్యతో ఏళ్ల తరబడి పోరాడింది. 1991 లమాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల 787బి గెలుపు ఆ పట్టుదలకు దక్కిన న్యాయమైన ఫలితం.

మాజ్దా రోటరీ కార్లలో ఆర్ఎక్స్-7 ఉత్పత్తి 2002లో, ఆర్ఎక్స్-8 ఉత్పత్తి 2012లో ఆగిపోయాయి. తయారై మూడేళ్లు దాటిన పాత కారును మామూలుగా దిగుమతి చేసుకోవడానికి భారత నిబంధనలు ఒప్పుకోవు గనుక, ఈ కార్లను ఇప్పుడు తెప్పించుకునే దారి దాదాపు లేదు. ఇదివరకే దేశంలోకి వచ్చిన కారు అమ్మకానికి దొరికితే, దిగుమతి నాటి బిల్ ఆఫ్ ఎంట్రీనీ, కస్టమ్స్ సుంకం కట్టిన రసీదునూ, ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లనూ సరిచూడక ముందు బేరానికి దిగరాదు. రోటరీ కార్లకు ఇంజిన్ మార్చడం సాధారణం కాబట్టి నంబరు తేడా అరుదైన సంగతి కాదు.

కాగితాలు సరిపోతే మిగిలేది సీళ్ల పరీక్ష. మామూలు కారు ఆయిల్ తింటే ఇంజిన్ బోరుకొచ్చిందని మెకానిక్ అనడం సహజమే గాని, ఈ ఇంజిన్ మాత్రం సీళ్లను తడపడానికి తానే కొద్దికొద్దిగా ఆయిల్‌ను గదిలోకి పంపి పెట్రోలుతోపాటు కాలుస్తుంది; అందువల్ల ఆయిల్ తగ్గడం లేదని అమ్మేవారు గొప్పగా చెబితే సంతోషించడానికి బదులు ఆ పంపు పనిచేస్తున్నదా అని అడగాలి. కిలోమీటర్ల మీటరు కన్నా కంప్రెషన్ కొలతే నమ్మదగినది. అయితే గాలిని వెనక్కి రానివ్వని వాల్వు ఉన్న మామూలు గేజి మూడు ముఖాలలో బలమైనదాని అంకెనే చూపి, బలహీనమైన ముఖాన్ని దాచేస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టరు కావాలి, లేదా ఆ వాల్వును తీసేసి ముల్లు ఎగిరే మూడు ఎగురులూ సమానంగా ఉన్నాయా అని గమనించాలి.

ఆర్ఎక్స్-8కు స్టార్టరు నిమిషానికి 250 చుట్లు తిప్పుతున్నప్పుడు ప్రతి ముఖానికీ చదరపు సెంటీమీటరుకు కనీసం 6.9 కిలోల ఒత్తిడి రావాలి, ఒకే రోటరు ముఖాల మధ్య తేడా 1.5కు మించరాదు. ఈ కనీస అంకెను సముద్రమట్టానికి చెందినదిగా భావించాలి. సుమారు 630 మీటర్ల ఎత్తున్న వికారాబాదులో గాలి ఒత్తిడి దాదాపు 7 శాతం తక్కువ కావడంతో అదే హద్దు అక్కడ 6.4 దగ్గరికి దిగుతుంది. దాదాపు 450 మీటర్ల ఎత్తులోని తాండూరులో అది 6.5 అవుతుంది. ఈ సవరణ తెలియకపోతే మంచి ఇంజిన్‌ను చెడిందని తిప్పిపంపే ప్రమాదం ఉంది. బ్యాటరీ బలహీనమై స్టార్టరు నెమ్మదిగా తిరిగినా అంకె తగ్గుతుంది.

టెస్టరు చెప్పలేనిది వేడి చెబుతుంది. పీల్చే వైపు ఎప్పుడూ చల్లగా, మండే వైపు ఎప్పుడూ వేడిగా ఉండే ఈ ఇంజిన్‌లో అల్యూమినియం గదీ ఇనుప పక్కపలకలూ వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచిస్తాయి. ఇంజిన్ ఒక్కసారి మితిమీరి వేడెక్కినా వాటి మధ్యనున్న కూలెంటు సీళ్లు పాడుకావచ్చు. అందుకని ఏప్రిల్ మధ్యాహ్నం, నాపరాళ్ల లారీలు నడిచే దారిలో వికారాబాదు నుంచి తాండూరు వరకు బండిని తీసుకెళ్లి, అక్కడ ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్టు చేయడం మంచి పరీక్ష. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకున్న ఇంజిన్ వేడిమీద ఎక్కువసేపు సతాయిస్తే కంప్రెషన్ పోయిందని అనుమానించాలి. ఇంజిన్ చల్లారిన తర్వాత మూత తీసి చూస్తే కూలెంటు తగ్గి ఉన్నా, స్టార్టు చేసినప్పుడు దానిలో బుడగలు లేస్తున్నా, ఇంజిన్‌ను విప్పి సీళ్లన్నీ మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించి మాట్లాడవలసి ఉంటుంది.