ఎత్తు గట్టు మీదికి పెద్ద చేపను తీయుటకు ఎట్టి గాలపు కర్ర కావలెను?

రాయలసీమలో చేపలనగానే చెరువు ఎండుముఖము పట్టినప్పుడు వల లాగి ఊరందరు పంచుకొనుటయే పెద్దలకు జ్ఞాపకము వచ్చును. ఇప్పుడు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో సేద్యపు బావులలోను, పంట కుంటలలోను, తోటలకు నీరు నిలువ చేయుటకు ప్లాస్టిక్ షీటు పరచిన గుంటలలోను రైతులు ఇంటి వాడుకకని కొన్ని చేపపిల్లలు వదలుకొనుచున్నారు. పిల్లలను పలుచగా వదలినచోట బొచ్చె, బంగారు తీగ వంటివి కొన్ని ఏండ్లలో మూడు నాలుగు కిలోలు తూగును. బావి అడుగున రాతి కోరలు, మోటారు పైపులు ఉండుటచే అక్కడ వల దిగదు. దిగినను చినుగక పైకి రాదు. కావున గాలమే గతి. కె.సి. కాలువ వంతెనల మీద నిలిచి గాలము వేయు వారికిని ఇదే స్థితి.

గాలమునకు చేప పడుట పెద్ద కష్టము కాదు. గోడ అడుగు వరకు అది తేలికగానే వచ్చును. అక్కడినుండి పది, పదునైదు అడుగులు పైకి ఎత్తుటలోనే కర్ర విరుగును, లేక దారము తెగును, లేక చేప పెదవి చినిగి గాలము ఊడి వచ్చును. గాలముతో తెగిపోయిన చేప బావిలోనే చచ్చి కుళ్లినచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. అంతకంటె పెద్ద ప్రమాదము, జారుచున్న చేపను అందుకొనవలెనని మనిషి గట్టుమీదినుండి ముందుకు వంగుట. ఈతరాని వానికి నిలువు గోడల బావిలోనుండి పైకి వచ్చు దారి లేదు.

ఒక రైతు క్రొత్తగా కొన్న కర్రను నాకు చూపి, "ఇది ఇరవై కిలోలు మోస్తాదంట గదా సార్!" అని అడిగినాడు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము.

నీటిలో బరువు వేరు, గాలిలో బరువు వేరు

చేప శరీరము ఇంచుమించు నీటి సాంద్రతయే కలది. దాని కడుపులో గాలితిత్తి కూడ ఉండుటచే నీటిలో అది దాదాపు బరువు లేకుండ తేలియాడును. నీటిలో ఉన్నంతవరకు మీ కర్రపై పడునది చేప బరువు కాదు, అది ఈదుచు లాగు బలము మాత్రమే. ఆ బలము కొంతసేపటికి అలసి తగ్గును. కాని తల నీటి మట్టము దాటి మొండెము బయటపడిన క్షణమున నాలుగు కిలోల చేప నాలుగు కిలోలుగనే దారముపై వ్రేలాడును. అదే క్షణమున అది తోక కొట్టును. ఒక్కసారిగా ఆనిన బరువు దారమును ఇంచుమించు రెట్టింపు బరువువలె లాగును. తోడిన బిందె నీటినుండి విడివడునప్పుడు చేదతాడు చేతిలో ఎట్లు బిగియునో నీరు తోడిన వారికందరికి తెలియును. ఇదియు అట్టిదే, ఇక్కడ బిందెకు ప్రాణము ఉన్నది, అంతే భేదము.

సముద్రపు రేవుకట్ట మీద నిలిచి గాలము వేయు వానికిని, పులివెందుల వైపు బావి గట్టున నిలిచిన వానికిని చిక్కు ఒక్కటే. ఇంగ్లండులో రేవుకట్టల మీదినుండి చేపలు పట్టువారు చాలకాలముగ ఎదుర్కొనుచున్న సమస్య ఇది. వారు కనుగొన్న ఉపాయము మన బావులకు కూడ చక్కగ సరిపోవును. దానిని క్రింద తెలిపెదను. ముందు కర్ర సంగతి చూతము.

కర్ర తిరగేసిన గడ్డపార వంటిది

గడ్డపారతో బండను లేపునప్పుడు బండ ఆనికకు దగ్గరగను, మీ చేయి దూరముగను ఉండును. అందుచే కొద్ది బలముతో పెద్ద బండ కదలును. గాలపు కర్రలో ఇది తారుమారు. చేప దూరపు కొనను, చేయి మొదటి దగ్గర. పది అడుగుల కర్ర మొదలును తొడకు ఆనించి, రెండడుగుల దూరమున ముందుచేయి వేసి, కర్రను అడ్డముగ పట్టి నాలుగు కిలోల చేపను ఎత్తితిరనుకొనుడు. పదిని నాలుగుతో హెచ్చించి రెండుతో భాగించిన ఇరవై వచ్చును. అనగా ఆ చేతిమీద 20 కిలోల బరువు పడును. అదే చేపకు ఏడడుగుల కర్రయైన 14 కిలోలు. కర్ర ఎంత పొడవైన మోత అంత హెచ్చు.

కర్రను ఏటవాలుగ పైకెత్తినచో ఈ భారము తగ్గును. నేలకు అరువది డిగ్రీల వాలున ఇంచుమించు సగమగును. ఇది చూచి కొందరు కర్రను నిట్టనిలువుగ, ఇంకను వెనుకకు వంచి లాగుదురు. అప్పుడు వంపు అంతయు కొననున్న సన్నని భాగమునకే చేరును. లావైన మొదలుకు పని తప్పును. అంగడి కర్రలు పెక్కు ఈ విధముననే కొన దగ్గర పుటుక్కున విరుగుచున్నవి. అమ్మినవానిని తిట్టి లాభము లేదు.

కర్రపై అచ్చువేసిన అంకెలను కూడ సరిగా చదువుకొనవలెను. 100–200 గ్రాములని ఉన్నచో, అది ఆ కర్రతో విసరదగిన సీసపు గుండు బరువు. పౌన్లలో ఉన్న అంకె సాధారణముగ దానికి తగిన దారపు బలమును తెలుపును. ఈ రెండింటిలో ఏదియు ఎత్తదగిన చేప బరువు కాదు. ఇంకొక కొలత కలదు. దానిని టెస్ట్ కర్వ్ అందురు. కర్ర కొన మొదలుకు లంబముగ, అనగా మూలమట్టపు వంపు వచ్చునట్లు వంగుటకు ఎంత బరువు కావలెనో ఆ బరువే టెస్ట్ కర్వ్. దానిని దాటి ఎత్తిన కర్ర ఇంకను వంగునేకాని చేప పైకి రాదు.

ఈ కొలతను ప్రచారము చేసిన రిచర్డ్ వాకర్ అను ఇంగ్లీషువాడు 1952 సెప్టెంబరులో రెడ్‌మైర్ అను కొలనులో 44 పౌన్ల బంగారు తీగను పట్టెను. అనగా ఇంచుమించు 20 కిలోలు. మన కుంటలలో పెంచు జాతియే అది. ఆయన కర్ర వెదురు బద్దలను అతికి స్వయముగ చేసికొన్నది, పది అడుగులది, టెస్ట్ కర్వ్ పౌనున్నర మాత్రమే. ముప్పాతిక కిలోకైనను చాలని బరువుకే పూర్తిగ వంగు కర్ర ఇరవై కిలోల చేపను ఎట్లు లొంగదీసెను? ఆయన దానిని కర్రతో పైకి ఎత్తలేదు. నీటిలోనే అలయునట్లు చేసి వలలోనికి నడిపించినారు. ఆ చేప తరువాత ఏండ్ల తరబడి లండను జంతు ప్రదర్శనశాలలో బ్రతికియున్నది.

ఏ గట్టుకు ఏ కర్ర

వాలుగ దిగు చెరువు కట్టకు, కాలువ గట్టుకు పది నుండి పన్నెండడుగుల వంగెడి కర్ర మంచిది. అక్కడ చేపను ఎత్తనక్కరలేదు. అలసిన పిదప ఒడ్డుకు జార్చుకొనవచ్చును. నిలువు గోడ బావికి, వంతెనకు ఆరు నుండి ఎనిమిది అడుగుల మొద్దు కర్ర చాలును. దారము గోడ రాళ్లకు ఒరయకుండ అడుగున్నర, రెండడుగులు ఎడముగ ఉంచుటయే అక్కడ దాని ముఖ్యమైన పని. మొదటి సగము వంగక, కొన మూడవ వంతు మాత్రము కొంచెము వంగునది చూచుకొనుడు. చక్రము వేయు కర్రయైన దారము పోవు వలయములు బిగువుగ, పగుళ్లు లేక ఉండవలెను. దూదిపోగును లోపల త్రిప్పి చూచిన పగులు ఉన్నచోట పోగు చిక్కుకొనును.

కొనుటకు ముందు పరీక్ష సులభము. ఒక లీటరు నీరు ఒక కిలో. అయిదు లీటర్ల డబ్బాకు దారము కట్టి, రెండు లీటర్లు పోసి మెల్లగ ఎత్తుడు. తరువాత మూడు, నాలుగు. ఏ బరువు దగ్గర కర్ర మూలమట్టపు వంపు వచ్చునో అదే దాని హద్దు. అంతకు లోపలి చేపను మాత్రమే దానితో ఎత్తవలెను.

వెదురు కర్ర చేసికొనదలచిన వారు లోపల బోలు తక్కువగ ఉండి లాఠీలకు వాడు గట్టి వెదురును ఎన్నుకొనవలెను. నల్లమలలో ఇది కలదు. కాని అడవిలో నరుకుటకు అటవీశాఖ అనుమతి అవసరము. 2017లో చట్టము సవరించిన పిమ్మట అడవి కాని భూమిలో పెంచిన వెదురు చెట్ల లెక్కలోనికి రాదు. కావున పొలము గట్టున రెండు పొదలు పెంచుకొనుట మేలు. మూడేండ్లు దాటిన గడను వానకాలము వెళ్లిన తరువాత కొట్టి, రెండు మూడు వారములు నీటిలో నానవేసి, నీడలో ఆరబెట్టవలెను. లేత గడలో పిండిపదార్థము హెచ్చు. దానికై పుచ్చుపురుగు చేరి లోపల పొడి చేయును. పైకి కనబడదు, చేప పడిన రోజుననే తెలియును.

దారము, ముడి

ఇక్కడ పిసినారితనము పనికిరాదు. నాలుగు కిలోల చేప ఒక్కసారి ఆనినచో ఎనిమిది కిలోలవలె లాగునని చెప్పితిని. మామూలు ముడి వేసిన నైలాను దారము తన బలములో ఇంచుమించు సగము కోల్పోవును. కాబట్టి పదునైదు, పదునారు కిలోలకు తెగు దారము లేనిదే ధైర్యము చాలదు. గాలపు కంటిలో దారము దూర్చి, కొనను అసలు దారము చుట్టు అయిదుసార్లు మెలిపెట్టి, కంటి దగ్గర మిగిలిన సందులో తిరిగి దూర్చి, ఉమ్మితో తడిపి మెల్లగ బిగించిన ముడి చాల బలమును నిలుపును. తడపక బిగించిన రాపిడి వేడికి దారము చెడును. ఎండకు కూడ నైలాను సత్తువ పోవును, ఏటేట మార్చుడు. తుంగభద్రలో వాలుగ పట్టువారు గాలము పైన జానెడు సన్నని ఉక్కు తీగ వాడవలెను. దాని పండ్లు నైలానును కొరికివేయును.

ముడి ఎంత గట్టిదైనను చేప పెదవి గట్టిది కాదు. తీగజాతి చేపల మూతి కండగలదే కాని ఎముక పట్టు తక్కువ. నాలుగు కిలోల బరువంతయు ఆ కొంచెము చర్మముపై వ్రేలాడదీయుట నాకు సమ్మతము కాదు. రెండు కిలోలు మించిన చేపను ఎంత మంచి కర్రతోనైనను ఎత్తరాదనియే నా సలహా.

దింపుడు వల

రేవుకట్టల మీది వారు వాడు ఉపాయము ఇదియే. పాత సైకిలు చక్రపు రిమ్ము ఒకటి తీసికొని ఊచలు ఊడదీయుడు. రెండడుగుల వెడల్పు వలయము వచ్చును. దానికి రెండడుగుల లోతు సంచివలె వల అల్లించి, అడుగున గుప్పెడంత గుండ్రాయి కట్టుడు. వలయమునకు సమదూరములలో మూడు త్రాళ్లు కట్టి, వాటిని మూడడుగుల పైన ఒక్కటిగ ముడివేసి, చేదతాడు తగిలించుడు. కొత్త ఖర్చు వలకు మాత్రమే.

వాడుటలో ఒక్కటే మెలకువ. చేపకు ముందే వల నీటిలోనికి దిగి, నీటి మట్టమునకు అడుగు లోతున కదలక ఉండవలెను. అలసి ప్రక్కకు ఒరిగిన చేపను కర్రతో మెల్లగ దాని పైకి, తల ముందుగ, తేవలెను. వలతో చేపను వెంబడించినచో బెదరి మరల లోతుకు పోవును. చేప వలయములోనికి రాగానే కర్ర పట్టినవాడు దారము వదులు చేయవలెను. రెండవ మనిషి తాడు లాగవలెను. బావికి గిలక ఉన్నచో తాడును దానిమీద వేయుడు. గిలక బరువును తగ్గించదు, కాని నిలిచి క్రిందికి లాగ వీలిచ్చును, తాడు రాళ్లకు ఒరయదు, మనిషి ముందుకు వంగ పనిలేదు. ఒంటరిగ ఉన్నచో తాడు కొనను ముందే గుంజకు కట్టివేయుడు.

బిందె పడిపోయినప్పుడు వాడు పాతాళగరిగెను పదును పెట్టి చేపకు గుచ్చి లాగువారు కూడ కలరు. రేవుల్లోను ఇట్టి కొక్కెమును వాడుదురు. కూరకైన సరే, అమ్మకమునకైన గాయపడిన చేపకు ధర పడిపోవును. షీటు పరచిన గుంటలో మాత్రము దానిని దించనే దించరాదు; ఒక్క పోటుతో గుంట నీరంతయు కారిపోవును. అక్కడ గాలము కూడ అడుగు తగులనీయక బెండు కట్టి పైనీటిలోనే ఉంచవలెను.

దింపుడు వల లేక తప్పనిసరిగ ఎత్తవలసి వచ్చినచో కర్రను చేపవైపు సూటిగ చూపి, దారమునే చేతులు మార్చి మార్చి నీరు తోడినట్లు లాగుడు. అప్పుడు కర్రపై మోత ఉండదు. చేతికి గోనెపట్ట చుట్టుకొనుడు. దారమును మాత్రము అరచేతికి మెలివేసికొనరాదు.

కరెంటు తీగలు

మన బావులన్నింటికి మోటార్లు, వాటి పైన తీగలు ఉన్నవి. నల్లగ తేలికగ ఉండు కార్బన్ కర్రలలో విద్యుత్తు ప్రవహించును. తడిసిన వెదురు కూడ నమ్మదగినది కాదు. తీగ క్రింద కర్ర నిలువుగ లేపుట, గాలము విసరుట ప్రాణాంతకము. కర్రను పడవేసి తీగలు లేని వైపు చూచుకొన్న తరువాతనే విప్పుడు.

గ్రామాధికారులు ప్రతి సేద్యపు బావిలోను, షీటు గుంటలోను ముడులు వేసిన తాడు ఒకటి నీటివరకు వ్రేలాడునట్లు రైతులచే కట్టించిన మంచిది. జలాశయములలోను, కాలువలలోను గాలము వేయుటకు అనుమతి, గ్రుడ్లు పెట్టు రోజుల నిషేధము ఎప్పుడు అనునవి గ్రామ సచివాలయమునందలి మత్స్య సహాయకుని అడిగి తెలిసికొనవలెను. గేట్ల దగ్గర, సుంకేసుల వంటి ఆనకట్టల క్రింద నిలువరాదు. పైన గేటు ఎత్తిన నీరు చెప్పి రాదు.

పని ముగిసిన పిదప కర్రను గోడకు ఏటవాలుగ చేర్చినచో వంకర తిరుగును. కొనకు త్రాడు కట్టి, మొదలున చిన్న రాయి వ్రేలాడదీసి నీడలో నిలువుగ వ్రేలాడనిండు. వెదురు కణుపుల మధ్య నెర్రె కనబడినచోట సన్న దారము దగ్గర దగ్గరగ చుట్టి వార్నీషు పూసి ఆరబెట్టుడు. ఏటికొకసారి, చేపల పని మొదలుకాకముందు, డబ్బా నీళ్లతో మరల బరువు పరీక్ష చేయుడు.